పొగ నుండి ఆవిరికి: తొలి పరికరం ఎంపికలో మేము తెలుసుకున్నది

2024 నవంబరు చివరి వారంలో మా అమ్మాయి తొలి కాన్పు నిమిత్తం మేమిద్దరం ఇంగ్లండులోని లెస్టర్ నగరానికి వెళ్ళాము. కాన్పుకు ఇంకా ఆరు వారాల గడువు ఉంది. అక్కడ గర్భిణులను పరీక్షించే మిడ్‌వైఫ్ బరువు, రక్తపోటు చూడడంతో పాటు మరొక చిన్న పరీక్ష కూడా చేస్తుంది. అరచేతిలో ఇమిడే ఒక యంత్రాన్ని చేతికిచ్చి, కాసేపు ఊపిరి బిగబట్టి, ఆపైన నెమ్మదిగా అందులోకి ఊదమంటుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంత ఉన్నదీ ఆ యంత్రం అంకెలలో చూపుతుంది. పొగ త్రాగని గర్భిణికి ఆ సంఖ్య 4 కంటే తక్కువ ఉండాలి. జన్మలో సిగరెట్టు ముట్టని మా అమ్మాయికి 5 వచ్చింది.

మిడ్‌వైఫ్ మొదట గ్యాసు బాయిలరు సంగతి అడిగింది. పాడైన బాయిలరు వలన కూడా ఈ వాయువు ఇంట్లో చేరుతుందట. బాయిలరును అంతకు ముందు నెలలోనే తనిఖీ చేయించారు, దానిలో లోపమేమీ లేదు. “ఇంట్లో ఎవరైనా పొగ త్రాగుతారా?” అన్నది ఆమె రెండవ ప్రశ్న. అల్లుడు తల దించుకున్నాడు. ఇంట్లో అతడు ఎన్నడూ వెలిగించలేదు, నిజమే. కాని కారు నడుపుతూ, కిటికీ సగం దించి త్రాగేవాడు. పక్కన మా అమ్మాయి కూర్చుని ఉండేది. మిడ్‌వైఫ్ అదే యంత్రానికి కొత్త గొట్టం తగిలించి అతని చేతికిచ్చింది. వచ్చిన సంఖ్య 21.

అత్తమామల స్థానం ఎంత ఇరకాటమైనదో పాఠకులకు చెప్పనక్కరలేదు. కొడుకైతే మందలించవచ్చు. అల్లుడితో ఆ మాట ఎలా ఎత్తడం? ఆ రాత్రి అతడే వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. “మామూ, ఇంతకు ముందు రెండుసార్లు మానాను, రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వేప్ పరికరంతో ప్రయత్నిస్తాను” అన్నాడు.

మాకు ఆ మాట ఏ మాత్రం రుచించలేదు. ఒక పొగ మాని మరొక పొగ పట్టుకోవడం మానడమెలా అవుతుంది? పైగా మన దేశంలో ప్రభుత్వమే నిషేధించిన వస్తువది. అయినా నోరు మూసుకుని విన్నాము. ఆ తరువాత ఆరు నెలలు ఆ ఇంట్లోనే ఉండి చూసినందున మా అభిప్రాయం కొంత మారింది, కొంత మారలేదు. రెండింటినీ దాపరికం లేకుండా ఇక్కడ చెప్పదలచాము. ఇంగ్లండులోనో, ఇటువంటి పరికరాలు చట్టబద్ధమైన మరొక దేశంలోనో ఉంటూ సిగరెట్టు మానదలచిన మన కుటుంబాల పిల్లలకు ఇది ఉపయోగపడవచ్చు. స్వదేశంలోని పాఠకుల విషయం వేరు. వారికి సంబంధించిన మాట కూడా చివర చెబుతాము.

తొలి తప్పు: పెద్ద పరికరం, చిన్న మోతాదు

అల్లుడు మరునాడే బజారుకు వెళ్ళి ఒక పరికరం కొనుక్కొచ్చాడు. చూడడానికి ఇటుక ముక్కలా ఉంది. ముందు భాగాన చిన్న తెర, దానిమీద వాట్లు, ఓల్టులు, ఓమ్‌లు. రెండు బ్యాటరీలు వేరుగా కొనాలి. దుకాణంలోని కుర్రవాడు, “ఇది కొంటే ఇక వేరొకటి అవసరమే ఉండదు” అన్నాడట. దానితో పాటు 3 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న మామిడి రుచి ద్రవం ఒక పెద్ద సీసా. “తక్కువ నికోటిన్ కదా, తొందరగా మానేయవచ్చు” అన్నది అల్లుడి లెక్క. ఆ లెక్క మాకూ సబబుగానే తోచింది.

పెరటిలో నిలబడి ఒక్కసారి పీల్చగానే పక్కింటి కంచె కనబడనంత తెల్లటి మేఘం లేచింది. అతనికి ఆగని దగ్గు. రోజంతా పీలుస్తూనే ఉన్నాడు, మనసు మాత్రం సిగరెట్టు మీదనే ఉంది. అయిదవ రోజు సాయంత్రం కోటు జేబులో మళ్ళీ సిగరెట్టు పెట్టె కనబడింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆ మౌనమే అతనికి ఎక్కువ బాధ కలిగించిందని తరువాత చెప్పాడు.

తప్పు ఎక్కడ జరిగిందో మిడ్‌వైఫ్ పంపిన ధూమపాన విరమణ కేంద్రంలో తెలిసింది. అటువంటి కేంద్రాలను అక్కడ స్థానిక కౌన్సిళ్ళు ఉచితంగా నడుపుతాయి. 2023లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండులో పది లక్షల మంది వరకు ధూమపానులకు సిగరెట్టుకు బదులుగా వేప్ పరికరాన్ని, దానితో పాటు సలహాదారు సహాయాన్ని ఇచ్చే పథకాన్ని కూడా ప్రకటించింది. ఆ కేంద్రంలోని సలహాదారు నడివయసు స్త్రీ, తానూ ఒకప్పుడు పొగ త్రాగిన మనిషే. ఇటుకలాంటి ఆ పరికరాన్ని చూసి నవ్వింది. “ఇది మేఘాలు చేయడానికి పనికొస్తుంది, సిగరెట్టు మానడానికి కాదు” అన్నది.

ఆమె చెప్పిన వివరణ ఇది. సిగరెట్టు త్రాగేవాడు పొగను మొదట నోట్లోకి తీసుకుంటాడు, ఆ తరువాతనే ఊపిరితిత్తులలోకి దింపుతాడు. గొట్టం సన్నగా, పీల్పు బిగుతుగా ఉంటుంది. పెద్ద పరికరాల పద్ధతి దీనికి విరుద్ధం. వాటిలో వేడెక్కే తీగ చుట్టను కాయిల్ అంటారు. దాని విద్యుత్ నిరోధం అర ఓమ్ కంటే తక్కువ. ఎక్కువ విద్యుత్తు, ఎక్కువ ఆవిరి, నేరుగా ఊపిరితిత్తులలోకి దీర్ఘమైన పీల్పు. అంత ఆవిరిలో బలమైన నికోటిన్ ఉంటే గొంతు భరించలేదు కనుక పలుచని ద్రవమే పోయవలసి వస్తుంది. కొత్తవాడికి ఆ పీల్పు అలవాటు లేదు, ఆ మోతాదు చాలదు. కనుక రెండు విధాలా ఓడిపోతాడు. ఓడినవాడు పరికరాన్ని తప్పు పట్టడు. “నా వల్ల కాదు” అనుకుంటాడు.

మానదలచినవాడు మొదటి రోజు నుండే నికోటిన్ తగ్గించుకోవాలనుకోవడం చూడడానికి సద్బుద్ధిలాగే కనబడుతుంది. కాని సిగరెట్టును మాన్పించేది ఆ నికోటిన్ ఒక్కటే. క్యాన్సరు, గుండెపోటు వంటివాటికి ప్రధాన కారణం ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, వేల రకాల ఇతర రసాయనాలు. నికోటిన్ చేసే పని మనిషిని కట్టి పడేయడం. అదీ నిరపాయకరమైనదేమీ కాదు, గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. అయినా మొదట మంటను ఆపాలి, ఆపైన కట్టు విప్పుకోవాలి. వరుస తారుమారైతే రెండూ జరగవు.

సలహాదారు ఎన్నిక

ఆమె మొదట అడిగిన ప్రశ్న, “నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు వెలిగిస్తావు?” అని. అరగంటలోపే అయితే బానిసత్వం లోతైనదని అర్థమట. అల్లుడిది పది నిమిషాలు. రోజుకు పదిహేను, పదహారు. ఇటువంటివారికి అక్కడి చట్టం అనుమతించే గరిష్ఠ మోతాదు దగ్గరే మొదలుపెట్టాలన్నది ఆమె మాట. ఆ గరిష్ఠం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. రోజుకు ఆరేడు త్రాగేవారికి పది, పన్నెండు సరిపోవచ్చు.

పరికరం విషయంలో ఆమె చూపినవన్నీ చిన్నవే, పెన్సిలు డబ్బా కంటే చిన్నవి. వాటిని పాడ్‌లంటారు. బ్యాటరీ లోపలే ఉంటుంది, ఫోనుకు పెట్టినట్లు తీగతో ఛార్జింగు పెట్టుకోవచ్చు. చాలావాటికి మీట కూడా ఉండదు, పీల్చితే చాలు, పని చేస్తుంది. పైన తగిలించే ప్లాస్టిక్ గూటినే పాడ్ అంటారు. అందులో రెండు రకాలు. ద్రవం ముందే నింపి అమ్మేవి ఒకటి, సీసాలోంచి మనమే నింపుకునేవి మరొకటి. మొదటిది మరీ సులువు, ఖర్చు ఎక్కువ. రెండవది కాస్త పని, ఖర్చు తక్కువ. చేతులు వణికే వృద్ధులకైతే మొదటిదే మేలన్నది. అల్లుడు రెండవది తీసుకున్నాడు. దాని కాయిల్ 1 ఓమ్, పీల్పు సిగరెట్టులాగే బిగుతు.

ద్రవం గురించి చెప్పవలసినది కొంత ఉంది. వెజిటబుల్ గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే రెండు పదార్థాలు దానికి ఆధారం. గ్లిజరిన్ చిక్కనిది, ఆవిరి దానితో దట్టమవుతుంది. గ్లైకాల్ పలుచనిది, రుచిని, గొంతులో ఆ చిన్న తగులుడును అది ఇస్తుంది. చిన్న పాడ్‌లకు రెండూ సగం సగం ఉన్న ద్రవమే సరిపడుతుంది. గ్లిజరిన్ మరీ ఎక్కువైతే కాయిల్‌లోని దూది దానిని పీల్చుకోలేక మాడిపోతుంది. ఇక నికోటిన్‌లోనూ రెండు రూపాలున్నాయి. మామూలు రూపం ఎక్కువ మోతాదులో గొంతును గీరుతుంది. నికోటిన్ సాల్ట్ అనే రూపం 20 మిల్లీగ్రాములలోనూ మెత్తగా దిగుతుంది. మొదటిసారి దగ్గి దగ్గి విసిగిపోయిన మా అల్లుడికి ఇదే ప్రాణదానమైంది.

రుచి మాత్రం అతని ఇష్టానికే వదిలింది. కొందరు పొగాకు రుచితో మొదలుపెట్టి నెలలోపు పుదీనాకో, పండ్లకో మారుతారట. అల్లుడు పొగాకు రుచి కొని, మూడవ రోజే “ఇది పొగాకులా లేదు, మాడిన బెల్లంలా ఉంది” అని పుదీనాకు మారాడు. గుంటూరులో పొగాకు బేళ్ళ మధ్య పెరిగిన మాకు ఆ సీసా వాసన చూపించాడు. అతని మాట నిజమే.

వాడుకలోని చిన్న సంగతులు

కొత్తవారు చేసే పొరపాట్లన్నీ మా కళ్ళ ముందే జరిగాయి కనుక చెబుతున్నాము. కొత్త పాడ్‌లో ద్రవం నింపగానే పీల్చరాదు. దూది తడవడానికి పది నిమిషాలైనా పడుతుంది. అల్లుడు ఆగలేక వెంటనే పీల్చాడు, కాయిల్ మాడింది, ఆ మాడు రుచి ఎన్ని పీల్పులకూ పోలేదు. పాడ్ పారవేయవలసి వచ్చింది. సజావుగా వాడినా అది వారం నుండి రెండు వారాలే నిలుస్తుంది, రుచి చెడగానే మార్చాలి.

సిగరెట్టును గట్టిగా, గబగబా పీల్చేవారు దీనినీ అలాగే పీలుస్తారు. దీనిని మూడు, నాలుగు క్షణాలు మెల్లగా లాగాలి. సిగరెట్టులోని నికోటిన్ మెదడుకు వెంటనే చేరుతుంది, దీనిది కాస్త ఆలస్యం. అందువలన ఒకేసారి కూర్చుని పది నిమిషాలు పీల్చడం కంటే, మనసు లాగినప్పుడు రెండు మూడు పీల్పులు తీసుకుని జేబులో పెట్టుకోవడం మంచిది. తల తిరిగినా, వికారం అనిపించినా మోతాదు ఎక్కువైందని గుర్తు, వెంటనే ఆపాలి. నోరు ఎండిపోతుంది, నీళ్ళు ఎక్కువ త్రాగాలి.

బ్యాటరీకి దానితో వచ్చిన తీగనే వాడాలి. నిద్రపోతూ ఛార్జింగులో వదలరాదు. విమానంలో చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ద్రవం సీసా. అక్కడి చట్టం ప్రకారం నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లకు మించరాదు, మూత పిల్లలు తెరవలేని విధంగా ఉండాలి. ఆ ద్రవం పసిపిల్లల నోట పడితే ప్రాణాంతకం కావచ్చు. చర్మం ద్వారా కూడా నికోటిన్ ఒంటికి ఎక్కుతుంది. ఈ మాట మాకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు. మంచుకు తడిసిన పచ్చి పొగాకు ఆకు కోసిన కూలీలు వాంతులతో, తలతిప్పుతో గట్టు మీద కూలబడడం పొగాకు పండే ఊళ్ళలో తెలియనిది కాదు. ఆ నికోటిన్, ఈ సీసాలోని నికోటిన్ వేరు కావు. ఇప్పటికీ దీనిలో అధికభాగం పొగాకు ఆకు నుండి తీసినదే. బిడ్డ పుట్టిన మూడవ వారంలో ఒకనాడు అల్లుడు ఉయ్యాల పక్కనే కూర్చుని పాడ్ నింపుకుంటుంటే రెండు చుక్కలు అతని వేళ్ళ మీద పడ్డాయి. ఆ చేతితోనే బిడ్డను ఎత్తుకోబోయాడు. మాలో ఒకరికి, ఎవరికో పాఠకులు ఊహించగలరు, అత్తమామల మర్యాద గుర్తు రాలేదు. ఆ ఇంట్లో మేము అల్లుడిని గట్టిగా కేకలేసిన సందర్భం అదొక్కటే. నాటి నుండి సీసా వంటగది పై అరలోకి, నింపే పని స్నానాల గదిలోకి మారాయి.

రెండు పడవలు

2025 జనవరి 1ని అల్లుడు తన చివరి సిగరెట్టుకు మరునాడుగా నిర్ణయించుకున్నాడు. తేదీ ముందుగా నిర్ణయించుకోవడం, ఇంట్లోని పెట్టెలు, లైటర్లు, కారులోని బూడిద గిన్నె పారవేయడం సలహాదారు పెట్టిన షరతు. ఆమె మరొక మాట గట్టిగా చెప్పింది. పగలు ఆవిరి, రాత్రి భోజనం తరువాత ఒక్క సిగరెట్టు అనే రాజీ పనికిరాదు. కొన్ని రోజులు రెండూ సాగినా, ఆ ఒక్కటీ పోయేవరకు మేలు జరిగినట్లు కాదు. గుండెకు రోజుకు కొద్ది సిగరెట్లు కూడా గణనీయమైన హానే.

అతడు జారలేదని చెప్పము. రెండవ వారంలో ఆఫీసులో ఏదో చికాకు వచ్చి ఒకటి వెలిగించాడు. ఇంటికి వచ్చి తానే చెప్పాడు. సలహాదారు కోప్పడలేదు, “ఆ సమయానికి పరికరం ఎక్కడుంది?” అని మాత్రం అడిగింది. ఛార్జింగు అయిపోయి సంచిలో ఉంది. చవకరకం రెండవ పరికరం ఒకటి కొని కారులో ఉంచుకోమన్నది. ఇంత చిన్న కారణం చేత మనిషి మళ్ళీ మొదటికి రాగలడని మేము అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు. జనవరి చివర మళ్ళీ యంత్రంలోకి ఊదించారు. సంఖ్య 2. బిడ్డకు అప్పటికి పన్నెండు రోజులు. ఆ యంత్రం మీది అంకెను అతడు ఫోటో తీసి మా అమ్మాయికి పంపాడు.

ఆ సంఖ్య మా సందేహాలలో ఒకదానికి జవాబు చెప్పింది. ఇది పొగ కాదు. ఏదీ కాలడం లేదు కనుక కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం లేదు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ 2016లో, దీర్ఘకాలంలో వీటి హాని ధూమపాన హానిలో 5 శాతానికి మించకపోవచ్చునని అంచనా వేసింది. అది అంచనాయే. 2019లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో మానదలచిన 886 మందిని రెండు వర్గాలు చేశారు. ఏడాది తరువాత చూస్తే, వేప్ ఇచ్చినవారిలో 18 శాతం, నికోటిన్ పట్టీలు, గమ్ వంటివి ఇచ్చినవారిలో 9.9 శాతం సిగరెట్టుకు దూరంగా ఉన్నారు.

వేప్‌ను సమర్థించేవారు ఈ అంకె దగ్గర ఆగిపోతారు. అదే పరిశోధనలో మరొక అంకె ఉంది. అలా సిగరెట్టు మానిన వేప్ వర్గంలో ఏడాది చివర కూడా 80 శాతం మంది ఆవిరి పీలుస్తూనే ఉన్నారు. రెండవ వర్గంలో పట్టీలనో, గమ్‌నో ఇంకా పట్టుకుని ఉన్నవారు 9 శాతమే. మా మొదటి అనుమానం పూర్తిగా తప్పు కాదని దీనిని బట్టి తెలుస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం ఈ పరికరాలను మానడానికి సాధనంగా సమర్థించడం లేదు. పిల్లలు వీటికి అలవాటు పడుతున్నారన్నది దాని ప్రధాన ఆందోళన. బ్రిటన్‌లోనూ ఆ బెడద తక్కువ కాదు. పండ్ల రుచులతో, రంగురంగుల గొట్టాలతో బడిపిల్లల చేతుల్లోకి చేరిన ఒకసారి వాడి పారవేసే పరికరాలను 2025 జూన్ 1 నుండి అక్కడ నిషేధించారు. సిగరెట్టు ఎన్నడూ ముట్టనివారు దీని జోలికి పోవడానికి ఏ కారణమూ లేదు. ఈ విషయంలో అక్కడి వైద్యులకూ మాకూ భేదాభిప్రాయం లేదు.

2019లో అమెరికాలో వేప్ వలన జనం మరణించారన్న వార్త చదివి భయపడ్డవారిలో మేమూ ఉన్నాము. 68 మంది చనిపోయారు, రెండువేల ఎనిమిది వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. దొంగచాటుగా అమ్మిన గంజాయి ద్రవాలలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె పదార్థమే దానికి ప్రధాన కారణమని తరువాత తేలింది. బ్రిటన్‌లో ఈ ద్రవాలలో విటమిన్లు కలపడం చట్టవిరుద్ధం. కనుకనే, ఎక్కడ కొన్నా చట్టం అనుమతించిన సరుకును రసీదుతో కొనాలి.

రమజాన్, ఆపైన

మార్చి నెల రమజాన్. అక్కడ ఆ రోజుల్లో ఉపవాసం పదమూడు గంటల పైమాటే. ఉపవాసంలో ఆవిరి పీల్చితే ఉపవాసం భంగమవుతుందన్నది పండితుల సాధారణ అభిప్రాయం. అసలు ఈ వస్తువే ధర్మసమ్మతమా అన్న దానిపై, ఇదీ హానికరమే కనుక కాదనేవారూ ఉన్నారు, పెద్ద హాని నుండి బయటపడే దారిగా తాత్కాలికంగా సరిపుచ్చుకోవచ్చనేవారూ ఉన్నారు. మేము తీర్పు చెప్పదగినవారము కాము. మేము చూసినది మాత్రం చెబుతాము. గత సంవత్సరాలలో ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని పెరటిలోకి పరుగెత్తేవాడట. ఆ ఏడు ఖర్జూరం తిన్నాడు, నీళ్ళు త్రాగాడు, నమాజుకు వెళ్ళాడు, భోజనం చేశాడు, ఆ తరువాతనే జేబు తడుముకున్నాడు. పదమూడు గంటలు ఉండగలిగిన మనిషి పద్నాలుగవ గంట కూడా ఉండగలడన్న సంగతి అతనికే మొదటిసారి తెలిసింది. పండుగ తరువాత 20 నుండి 10 మిల్లీగ్రాములకు దిగాడు. మేము మే నెలలో తిరిగి వచ్చేనాటికి అక్కడే ఉన్నాడు.

ఇక స్వదేశంలోని పాఠకుల మాట. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా మన దేశంలో ఈ పరికరాల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, ప్రచారం అన్నీ నిషేధింపబడ్డాయి. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుక విదేశాల నుండి వచ్చే కొడుకుతోనో, అల్లుడితోనో తెప్పించుకునే ఆలోచన చేయవద్దు. పాన్ డబ్బాల చాటున దొరికే సరుకులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. గుట్కా, ఖైనీలకు మారడం మానడం కాదు, నోటి క్యాన్సరుకు దారి వేసుకోవడం.

మనకు వేరే దారులు ఉన్నాయి. 1800-11-2356 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేస్తే పొగాకు మానడానికి సలహాదారు మాట్లాడుతారు. మందుల దుకాణాలలో 2, 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. ఎక్కువ త్రాగేవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడిగి వాడాలి. ఆ గమ్ పనిచేయలేదనేవారిలో చాలామంది దానిని పిల్లల చూయింగ్ గమ్‌లా ఆపకుండా నములుతారు. అలా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి, ఎక్కిళ్ళు, మంట మిగులుతాయి. నాలుక మీద చురుకు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, ఆపైన దవడకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమలాలి. దానికి పావుగంట ముందు నుండీ, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ త్రాగరాదు. త్రాగితే నోరు నికోటిన్‌ను పీల్చుకోదు.

మొన్న డిసెంబరులో మా ఇంట పెళ్ళికి అల్లుడు బిడ్డతో సహా గుంటూరు వచ్చాడు. పరికరాన్ని లెస్టర్‌లో బీరువా సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాడు. మూడు వారాలకు సరిపడా గమ్ తెచ్చుకున్నాడు. వలీమా రాత్రి వంటలు సర్దుకున్నాక కుర్రవాళ్ళంతా సందు చివరి టీ బంకు దగ్గర చేరారు. పెట్టె ఒకటి చేతులు మారుతున్నది. మేము మేడ మీద నుండి చూస్తున్నాము, పిలవలేదు. అల్లుడు టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె అతని దాకా వచ్చి దాటిపోయింది. గ్లాసులోని టీ మాత్రం ఎంతసేపటికీ తగ్గలేదు. దవడలో గమ్ ఉన్నదని అప్పుడు మాకు స్ఫురించింది.

తిరిగి వెళ్ళిన పదవ రోజు ఫోను చేశాడు. బిడ్డ పళ్ళ సంగతి, చలి సంగతి అయ్యాక, మేము అడగకుండానే, “సొరుగు ఇంకా తీయలేదు మామూ. తీస్తే మీకు చెబుతాను” అన్నాడు. “చెప్పు బాబూ” అన్నాము.